సముద్రం వదిలేసిన మచ్చ

"ఆ మచ్చని చేత్తో తాకి చూశారా?"

ఎజ్రా టటిల్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అప్పటిదాకా నేను ఏమడిగినా అతను తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. జైలు గదిలో మా ఇద్దరి మధ్య ఒక బల్ల, బల్ల మీద నేను తెచ్చిన సిగరెట్లు. వాటిని అతను ముట్టుకోలేదు.

"తాకాను. ఎందుకు?"

"ఎలా ఉంది?"

"మచ్చ ఎలా ఉంటుంది? చెవి కింద మొదలై దవడ మూల దాకా గట్టిగా, పేనిన తాడులా వేలికి తగిలింది. పక్కన కుట్లు వేసిన గుర్తులు కూడా ఉన్నాయి."

అతను కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ప్రార్థిస్తున్నాడు. కళ్లు తెరిచాక అతని ముఖంలో దుఃఖం ఉంది, దాని కింద మరొకటి ఉంది. దాన్ని ఊరట అనడానికి నాకు మనసు ఒప్పలేదు. ఉరికంబం ఎదురుగా ఉన్నవాడికి ఊరట ఎక్కడిది?

ఎజ్రా వయసు అరవై. కార్విన్ లోథర్‌కి మేకప్ మనిషి. లోథర్ మొదటి సినిమా నుంచి ఇప్పటి దాకా అతని ముఖం మీద ఎజ్రా తప్ప ఎవరూ చెయ్యి వేయలేదు. లోథర్ గురించి నేను ఎవరికీ చెప్పనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లుగా దేశమంతా ఆ ఎడమ చెంపని చూస్తూనే ఉంది. ఫ్రాన్సు యుద్ధభూమిలో తోటి సిపాయిని కాపాడబోతే శత్రువు బాయినెట్ చేసిన గాయం అదని పిల్లలకి కూడా తెలుసు. దర్శకులు అతన్ని ఎప్పుడూ ఎడమ వైపు నుంచే చూపించేవాళ్లు.

మంగళవారం సాయంత్రం లోథర్ తన బీచ్ ఇంటి నుంచి మాయమయ్యాడు. ఆ సాయంత్రమే ఎజ్రా ఆ ఇంటి నుంచి బయటికి రావడం పొరుగువాళ్లు చూశారు. గురువారం పోలీసులు అతన్ని పట్టుకున్నప్పుడు చొక్కా చేతి మడతలో రక్తం కనిపించింది. శనివారం కోస్తా రోడ్డు కింద, బండరాళ్ల మధ్య, లోథర్ కారు దొరికింది. అందులో శవం. నాలుగు రోజులు నీళ్లలో నాని, రాళ్లకి కొట్టుకుని, ముఖం మిగల్లేదు. సముద్రం మచ్చని మాత్రం వదిలేసింది. ఒంటి మీద లోథర్ కోటు. నీళ్లలో పడక ముందే ఎవరో వెనక నుంచి తల పగలగొట్టారని డాక్టర్ రాశాడు.

ఎజ్రా భార్య డోర్కస్ ప్రైవేటు డిటెక్టివ్‌నైన నన్ను పిలిపించింది డాక్టర్ రాసింది విన్నాకే.

"రక్తం ఎవరిది టటిల్?"

"చెప్పను."

"అంటే తెలుసన్నమాట."

"మీరు గట్టివారే క్రేల్ గారూ. మా ఆవిడ మంచివాణ్ణే పట్టుకుంది."

"పొగడ్త తర్వాత. ఉరి వేస్తారని మీకు అర్థమవుతోందా?"

అతను మెడ తడుముకున్నాడు. "ఇన్ని ముడతల్లో తాడు ఎక్కడుందో కెమెరాకి కూడా కనిపించదు."

"లోథర్ మీకు శత్రువా?"

"కొడుకు లాంటివాడు," అన్నాడు. తర్వాత కాపలావాడు వచ్చి టైం అయిపోయిందన్నాడు.

బయటికి వస్తూ ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకున్నాను. మచ్చ ఎంత పొడవుందని అడగొచ్చు, ఏ వైపు ఉందని అడగొచ్చు. తాకి చూశారా అని ఎవరు అడుగుతారు? తాకితే తుడుచుకుపోయేది కూడా ఉంటుందని తెలిసినవాడే అడుగుతాడు.

అప్పుడు నా భార్య అడిలా గుర్తొచ్చింది. మేమిద్దరం లోథర్ సినిమా ఒక్కటీ వదిలేవాళ్లం కాదు. ఒకసారి హాల్లో, చీకట్లో, ఆమె నా చెవి దగ్గరికి వంగి, "చూశారా, ఈసారి మచ్చ కాస్త పైకి ఎక్కింది," అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. పోయిన చలికాలం ఆమె చనిపోయింది. ఆ తర్వాత నేను సినిమాకి వెళ్లలేదు.

* * *

సిల్వర్‌క్రెస్ట్ స్టూడియోలో లోథర్ మేకప్ గది తలుపు దగ్గర డఫ్ రాన్‌స్టన్ నా కోసమే నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు స్టూడియో కాపలా బలగానికి పెద్ద. ఆ ఊళ్లో ఏ నటుడి ఇంట్లో ఏ గొడవ జరిగినా మొదటి ఫోను పోలీసులకి వెళ్లదు, స్టూడియోకి వెళ్తుంది. స్టూడియోలో ఆ ఫోను ఎత్తేవాడు రాన్‌స్టన్.

"ఏం క్రేల్, శవం దొరికింది, చంపినవాడు దొరికాడు. నువ్వింకా ఏం వెతుకుతున్నావ్? టోపీ పారేసుకున్నావా?"

"బుర్ర పారేసుకున్నాను. ఇక్కడేమైనా దొరుకుతుందేమోనని."

"ఇది స్టూడియో అబ్బాయ్. ఇక్కడ అది దొరకదు." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. "ఎవరి తరఫున వచ్చావ్?"

"మిసెస్ టటిల్ తరఫున. జడ్జి గారి చీటీ కూడా ఉంది."

చీటీ రెండుసార్లు చదివి తలుపు తీశాడు. నా వెనకే లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గది చిన్నది. బల్బుల వరసతో అద్దం, వాలు కుర్చీ, పక్కన అర. అర మీద ఎజ్రా సరంజామా ఒద్దికగా సర్ది ఉంది. రంగు డబ్బాలు, పౌడర్ కుంచెలు, వెన్నలాంటి పూత, దూది. డబ్బాలు ముదురు రంగు నుంచి లేత రంగుకి వరసలో ఉన్నాయి. వరస చివర ఒక చోటు ఖాళీ. అక్కడ దుమ్ములో సీసా అడుగంత గుండ్రటి గుర్తు.

"ఈ గదిలోంచి ఎవరైనా ఏమైనా తీశారా?"

"బుధవారం నుంచి తాళం నా దగ్గరే ఉంది. అంతకు ముందు ముసలాడి దగ్గర."

"అయితే ముసలాయనే తీశాడు."

"తాగేశాడేమో."

సొరుగులో ఒక సన్నటి కుంచె దొరికింది. దాని కొస గాజులా బిగుసుకుపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తీయటి ఘాటు. ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా వరండాలోకి వచ్చే వాసన. అలాంటి వరండాలో నేను చాలా రోజులు కూర్చున్నాను. దాన్ని మరొకటి అని పొరబడను.

మత్తుమందు ఈథర్‌లో ఒక రకం జిగురు కరిగించి అమ్ముతారు. చర్మం మీద గీత గీస్తే క్షణాల్లో ఆరి, చర్మాన్ని లోపలికి లాగి పట్టేస్తుంది. చూసేవాళ్లకి అది పాత గాయం. సాయంత్రం గోటితో లాగితే పొరలా ఊడివస్తుంది. సముద్రపు దొంగల సినిమాల్లో గుంపులో ఉండేవాళ్లందరికీ అదే పూస్తారు.

ఆ వాసన నేను నిన్న కూడా ఎక్కడో పీల్చాను. ఎక్కడ? వెంటనే గుర్తు రాలేదు.

కుర్చీ వెనక గోడలో చిన్న బీరువా ఉంది. తాళం పాతది, జేబుకత్తికి లొంగింది. లోపల పాత చొక్కాలో చుట్టి ఉన్న బరువైన వస్తువు తీసి బల్ల మీద పెట్టి విప్పాను.

తెల్లటి ప్లాస్టర్ ముఖం. కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టుంది.

ముసలి వేషం వేయాలంటే నటుడి ముఖం మీద ముందు తడి ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. ముడతలు, గడ్డాలు ఆ అచ్చు మీద తయారుచేసి తర్వాత ముఖానికి అతికిస్తారు. లోథర్ ఈ ఏడాదే మొదటిసారి ముసలివాడిగా వేశాడు. అచ్చు వెనక ఎజ్రా పెన్సిల్‌తో 'జనవరి' అని రాసుకున్నాడు.

"ఇదెవరు రాన్‌స్టన్?"

అతను బద్ధకంగా మెడ చాచాడు. "లోథర్. ఆ ముక్కు ఎవడికుంది?"

"ఖాయమేనా?"

"పదేళ్లు వాడి వెనకాల తిరిగాను. నాకు చెబుతున్నావా?"

"అయితే ఎడమ చెంప తాకి చూడు."

అతను తాకలేదు. లేచి దగ్గరికి వచ్చి చూశాడు. నేను బల్బులు వెలిగించాను. కనుబొమ పక్కన చిన్నప్పటి ఆటలమ్మ గుంట ఉంది. గడ్డం కింద పొద్దున క్షవరంలో తెగిన గాటు ఉంది. ఒక్కొక్క కనురెప్ప వెంట్రుక ఉంది. చెవి కింద నుంచి దవడ మూల దాకా మాత్రం ఏమీ లేదు. నున్నగా ఉంది.

"ప్లాస్టర్‌లో పడి ఉండదు," అన్నాడు.

"వెంట్రుక పడింది. తాడంత మచ్చ పడలేదా?"

"యుద్ధంలో అయిన గాయం అది. దేశమంతా..."

"దేశమంతా సినిమాలో చూసింది. నువ్వు సెట్ మీద చూశావ్. పొద్దున ఆరింటికి ఎజ్రా తలుపు తీశాక. అంతకు ముందు చూసినవాడు ఎవడైనా ఉన్నాడా?"

నేను గెలుపు మత్తులో ఉన్నాను. ఆగాల్సిన చోట ఆగలేదు.

"శవానికి నిజమైన మచ్చ ఉంది. లోథర్‌కి లేదు. కారులో దొరికినవాడు లోథర్ కాడు. కాబట్టి ఎజ్రా లోథర్‌ని చంపలేదు."

రాన్‌స్టన్ మెడ మీది ఎరుపు మెల్లగా దిగిపోయింది. చాలాసేపు ఆ మూసుకున్న కళ్లనే చూశాడు.

"అయితే లోథర్ ఎక్కడున్నాడు?"

"అది నాకు తెలీదు."

"చూడనీ," అంటూ ప్లాస్టర్ ముఖాన్ని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తినవాడు వేళ్లు వదిలేశాడు. గచ్చు మీద అది ముక్కు దగ్గర పగిలి, నుదురు ఒక వైపు, గడ్డం ఒక వైపు దొర్లాయి. ఎడమ చెంప పిండి అయింది.

"అరెరె," అన్నాడు. "చేతులు చెమట పట్టాయి."

"చెంపే పగలాలని చెమట పట్టిందా?"

"నీకు ఆధారం కావాలంటే లోథర్‌నే తెచ్చుకో క్రేల్. అప్పటిదాకా ముసలాడు లోపలే ఉంటాడు." తలుపు తెరిచి పట్టుకున్నాడు. "దొరికితే నాకు చెప్పడం మర్చిపోకు."

కారు ఎక్కి స్టూడియో గేటు దాటాక ఆ వాసన ఎక్కడిదో గుర్తొచ్చింది. డోర్కస్ టటిల్ ఇల్లు. నిన్న నేను వెళ్లినప్పుడు ఆమె నన్ను ముందు గదిలోనే కూర్చోబెట్టింది. ఏదో ఘాటుగా ఉందే అంటే, పంటి నొప్పికి మందు రాసుకున్నానంది. అలా అంటూనే నాతో సమానంగా వేరుశనగ మిఠాయి పటపటా కొరికి తింది.

* * *

ఆమె తలుపు తీసేసరికి పొద్దు వాలుతోంది. పొట్టి మనిషి, జుట్టు గట్టిగా ముడి వేసుకుని ఉంది. నన్ను చూడగానే, "ఎజ్రా ఎలా ఉన్నాడు?" అంది.

"బాగానే ఉన్నాడు. జోకులు వేస్తున్నాడు."

"అయితే బాగాలేడు."

"మీ పన్ను ఎలా ఉందమ్మా?"

ఆమె నా వంక చూసింది. నేను పక్కకి జరగలేదు. కాసేపటికి ఆమె భుజాలు దిగాయి.

"మీకు చెప్పొద్దని ఎజ్రా నాచేత ఒట్టు వేయించుకున్నాడు," అంది. "మీ అంతట మీరు తెలుసుకుంటే నేనేం చెయ్యను? లోపలికి రండి. ఓబెడ్, కాఫీ ఇంకో కప్పు పొయ్యి నాయనా."

వంటింట్లో, పొయ్యి పక్కన, ఎజ్రా పాత స్వెట్టర్ వేసుకుని కార్విన్ లోథర్ నిలబడి ఉన్నాడు. చేతిలో కాఫీ కెటిల్. ఎడమ చెంప మీద మచ్చ, ఆ పొద్దున గీసినది, తాజాగా ఉంది. లోకమంతా చచ్చిపోయాడనుకుంటున్న మనిషి, ఒక ముసలావిడ వంటింట్లో దాక్కుని, సెట్ మీదికి వెళ్లేవాడిలా ముస్తాబై ఉన్నాడు.

నా చూపు ఎక్కడుందో గమనించి చెంప దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"కాస్త పైకి వచ్చిందా? ఎజ్రా లేకుండా నాకు సరిగ్గా కుదరదు."

కుర్చీలో కూర్చున్నాను.

"ఇది మానమని రోజూ చెబుతున్నాను," అంది డోర్కస్. "ఇక్కడ చూసేది నేనూ, పిల్లీ."

"పొద్దున లేవగానే చెయ్యి దానంతటదే అద్దం దగ్గరికి వెళ్తుందమ్మా. ఇది లేకుండా నేనెవరో నాకే తెలీదు."

"శవం ఎవరిది?" అని అడిగాను.

అతను కెటిల్ కింద పెట్టాడు. "కార్విన్ లోథర్‌ది. పేపర్లు అబద్ధం రాయలేదు."

తర్వాత ఆపకుండా చెప్పాడు. అతని అసలు పేరు ఓబెడ్ స్టకీ. కాన్సస్ గోధుమ పొలాల్లో పుట్టాడు. పక్క పొలం కుర్రాడు కార్విన్. ఒకసారి ఆబోతు తరుముకొస్తే కార్విన్ ఓబెడ్‌ని పక్కకి నెట్టి తను ముళ్లకంచె మీద పడ్డాడు. మచ్చ అప్పటిది. ఇద్దరూ సైన్యంలో చేరారు. కార్విన్ సముద్రం దాటాడు. ఓబెడ్ జార్జియా శిబిరంలో బంగాళాదుంపలు చెక్కాడు. కార్విన్ చనిపోయాడని టెలిగ్రాం వచ్చింది.

"హాలీవుడ్ వచ్చిన రోజు పేరు అడిగారు. నోట్లోంచి వాడి పేరు వచ్చింది. మచ్చ కూడా నేనే గీసుకున్నాను. దొంగతనం అనుకోలేదండీ. వాణ్ణి మోస్తున్నాననుకున్నాను. ఆ తర్వాత బాయినెట్ కథ స్టూడియో అల్లింది. నేను కాదనలేదు."

"కానీ అతను చనిపోలేదు."

"లేదు. శత్రువులకి ఖైదీగా దొరికాడు. తర్వాత కెనడాలో కలప కొట్టుకుని బతికాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. అందుకే మంగళవారం పొద్దున స్టూడియో యజమానితో చెప్పేశాను, ఆదివారం రేడియోలో నిజం చెబుతానని. నేను యుద్ధం చూడనే లేదని." అతను నవ్వబోయి మానేశాడు. "సాయంత్రం వాడు వానలో తడిసి వచ్చాడు. అసలువాడు ఎదుట ఉంటే ఈ గీతతో ఎలా కూర్చోను? తుడిచేశాను. వాడు నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'నాకంటే నీకే బాగా నప్పిందిరా' అన్నాడు. నా కోటు ఇచ్చి వాణ్ణి వరండాలో కూర్చోబెట్టి కాఫీ పెడదామని లోపలికి వెళ్లాను. వంటింట్లో దీపం కూడా వేయలేదు. కిటికీలోంచి చూస్తే వాడి వెనక రాన్‌స్టన్ ఉన్నాడు. చేతిలో ఇనప కడ్డీ. మసక వెలుతురు, నా కోటు, ఎడమ చెంప..."

"నువ్వే అనుకున్నాడు."

"నా నోరు మూయించమని స్టూడియో పంపితే నన్ను బెదిరించడానికే వచ్చి ఉంటాడు. దెబ్బ గట్టిగా పడింది. నేను వెనక తలుపులోంచి ఇసకలోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి వాడూ లేడు, కారూ లేదు. నన్ను చూడటానికి వచ్చిన ఎజ్రా, ఏదో తప్పు నేనే చేశాననుకుని, ఒక్కడే నేల మీది రక్తం తుడుస్తున్నాడు. నన్ను ఇక్కడికి తెచ్చి దాచాడు. పోలీసుల్లో సగం మంది రాన్‌స్టన్ మనుషులే."

ఎజ్రా అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది. జైల్లో ఉన్నవాడికి ఇంట్లో మనిషి క్షేమమో కాదో తెలిసే దారి లేదు. మచ్చ చేతికి తగిలిందంటే ఓబెడ్ బతికున్నట్టు.

మరొకటి కూడా అర్థమైంది. శవం లోథర్‌ది కాదని చెబితే ఎవరైనా ముందు అడిగేది, మరి ఎవరిది అని. రాన్‌స్టన్ అది అడగలేదు. లోథర్ ఎక్కడున్నాడని అడిగాడు. నేను ఎవరి తరఫున వచ్చానో గుమ్మం దగ్గరే చెప్పించుకున్నాడు.

నేను లేచి ముందు గది కిటికీ తెర కాస్త జరిపాను. వీధి మలుపులో నల్లటి కారు దీపాలు ఆర్పుకుని మెల్లగా వస్తోంది.

"అమ్మా, ఫోన్ ఎత్తండి. పోలీసులకి వద్దు. పేపర్లకి చెయ్యండి, ఎన్నిటికి వీలైతే అన్నిటికీ. కార్విన్ లోథర్ మీ వంటింట్లో కాఫీ తాగుతున్నాడని చెప్పండి. పోలీసుల కంటే వాళ్లే ముందొస్తారు."

ఆమె అప్పటికే రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంది.

ఓబెడ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "వెనక తలుపు ఉంది," అన్నాను. "వెళ్లాలనుంటే ఇప్పుడే వెళ్లాలి. వెళ్తే ఎజ్రాకి ఉరి ఖాయం. ఉంటే నీకు ఏమీ మిగలదు. పేరు కూడా."

అతను వెనక తలుపు వంక ఒకసారి చూశాడు. తర్వాత చెవి కింద గోరు పెట్టి మెల్లగా లాగాడు. పొర ఊడివచ్చింది, ఉల్లిపొర లాగా, సన్నగా. నా అరచేతిలో పెట్టాడు. దానికి బరువే లేదు. దాని కింద చర్మం ఎర్రగా, ఇన్నేళ్లుగా గాలి తగలని దానిలా ఉంది. ఆ ముఖాన్ని నేను ఎన్నడూ చూడలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు మీద పిడికిలి.

"లోథర్! లోపలున్నావని తెలుసు. తలుపు తియ్యి, మాట్లాడుకుందాం."

నేను కోటు లోపలి పిస్తోలు మీద చెయ్యి వేసి తలుపు పక్కన నిలబడ్డాను. ఓబెడ్ నన్ను దాటి గది మధ్యకి వచ్చాడు. అతని గొంతు దేశమంతా ఎరిగిన గొంతే. వణుకు మాత్రం ఏ సినిమాలోనూ వినలేదు.

"లోథర్‌ని మంగళవారమే చంపేశావు రాన్‌స్టన్," అన్నాడు. "నా పేరు ఓబెడ్ స్టకీ."

తలుపు అవతల పిడికిలి ఆగిపోయింది.